సమ్మతి పత్రం చదివి వినిపించే మనిషికి శిక్షణ ఎవరిస్తారు?

ఆఫ్రికా దేశాల్లో ఆరోగ్య పరిశోధనలకు నిధులిస్తున్న సంస్థల బాధ్యులకు, అక్కడ తమ మందులనూ టీకాలనూ పరీక్షించుకుంటున్న కంపెనీల యాజమాన్యాలకు, వారిలో మా హైదరాబాద్ కంపెనీల పెద్దలకు ప్రత్యేకంగా,

నమస్కారాలు.

నేను డాక్టరును కాను, శాస్త్రవేత్తను కాను. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి విరమించినవాణ్ణి. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో కొన్నేళ్లుగా సామాన్య సభ్యుడిగా కూర్చుంటున్నాను. మందుల ప్రయోగాలను ఆమోదించే కమిటీలో వైద్యరంగానికి చెందని సామాన్యుడు ఒకరు ఉండి తీరాలన్నది మన దేశపు నిబంధన. అక్కడ నా పని ప్రధానంగా ఒక్కటే: ప్రయోగంలో చేరబోయే మనిషి చేతికిచ్చే సమ్మతి పత్రం ఆ మనిషికి అర్థమయ్యే తెలుగులో ఉందో లేదో చూడటం.

ఇలాంటివాడు ఆఫ్రికా గురించి మీకు లేఖ రాయడానికి కారణం ఉంది. మలావి దేశంలోని బ్లాంటైర్ నగరంలో 2018లో ఒక టైఫాయిడ్ టీకా పరీక్ష మొదలైంది. తొమ్మిది నెలల పసివాళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల దాకా 28 వేల మందికి పైగా అందులో పాల్గొన్నారు. సగం మందికి టైఫాయిడ్ టీకా, తక్కిన సగం మందికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు జబ్బు) టీకా వేసి, ఎవరికి టైఫాయిడ్ వస్తుందో చూశారు. టీకా 80 శాతం మేరకు రక్షణ ఇస్తోందని 2021లో ఫలితాలు వెలువడ్డాయి. 2023లో మలావి దేశమంతటా పిల్లలకు టైఫాయిడ్ టీకా వేయడం మొదలుపెట్టారు. పరీక్షలో వేసిన టీకా మా ఊరి భారత్ బయోటెక్‌ది. హెచ్‌ఐవీ సోకకుండా ఏడాదికి రెండుసార్లు వేసుకునే లెనకపవిర్ ఇంజెక్షన్‌దీ ఇలాంటి కథే. దక్షిణాఫ్రికా, ఉగాండా దేశాల్లో 5 వేల మందికి పైగా యువతులు పరీక్షకు ముందుకు వచ్చారు. ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. దాని చవక రకాన్ని తయారుచేసే అనుమతి పొందిన ఆరు కంపెనీల్లో రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, హైదరాబాద్‌వే. అంటే అక్కడి తల్లులూ ఆడపిల్లలూ తమ శరీరాలను అప్పగించి నిలబెట్టిన నమ్మకం మీద ఇక్కడి ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, మా పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతున్నాయి. ఆ రుణం గుర్తున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీకు చెప్పదలచుకున్నది ఒకటే. పరిశోధనా నైతికతలో ఆఫ్రికాలో ఇంతకాలం మీరిచ్చిన శిక్షణ ఎక్కువగా పై మెట్టు మీది మనుషులకే అందింది. సమ్మతి పత్రాన్ని చదివి వినిపించే మనిషి దాకా, ఆ పత్రాన్ని పరిశీలించే స్థానిక కమిటీ గుమాస్తా దాకా అది దిగలేదు. ఇకమీదట అక్కడికి దించండి.

ఈ మాట ఎందుకు అంటున్నానో నేను కళ్లారా చూసిన ఒక సంగతితో చెబుతాను. మోకాళ్ల నొప్పుల మందు ఒకటి మా ఆసుపత్రిలో ప్రయోగంలో ఉండగా, సమ్మతి ఎలా తీసుకుంటున్నారో చూడటానికి కమిటీ తరఫున వెళ్లాను. నల్గొండ వైపు నుంచి వచ్చిన అరవై ఏళ్ల అమ్మ ఒకావిడ కూర్చుని ఉంది. పాతికేళ్లు కూడా నిండని కోఆర్డినేటర్ అమ్మాయి పత్రం చదువుతోంది: "మిమ్మల్ని యాదృచ్ఛికంగా రెండు సమూహాలలో ఒకదానికి కేటాయించడం జరుగుతుంది." ఆ వాక్యం చదివి నేనే ఆమోదించాను, దాచుకోను. ఆవిడ ప్రతి వాక్యానికీ తలూపుతోంది. నేను అనుమతి అడిగి, "అమ్మా, మీకు ఏ మందు ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు?" అన్నాను. "డాక్టర్ సారే గద సారూ. నాకేది మంచిదో ఆయనకెరుక" అంది. కోఆర్డినేటర్ పత్రం పక్కన పెట్టేసింది. "లేదమ్మా, ఏ మందు పడుతదో డాక్టర్ సారుకు గూడ తెల్వది. బొమ్మా బొరుసా ఏసినట్టు కంప్యూటర్ ఏస్తది. బొమ్మ పడితే కొత్త మందు, బొరుసు పడితే ఇప్పుడు అందరికీ ఇచ్చే పాత మందు. కొత్తది మంచిదో కాదో ఇంకా ఎవరికీ తెల్వదు, తెలుసుకుందామనే ఇదంతా" అంది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్లయితే ఇంట్ల అడిగొస్త" అని సంచి పట్టుకుని లేచింది. మూడో రోజు కొడుకుతో వచ్చి, నాలుగు ప్రశ్నలు అడిగి, వేలిముద్ర వేసింది.

సమ్మతి అంటే ఆ మూడో రోజు జరిగింది. మొదటి రోజు జరగబోయింది సంతకం మాత్రమే. ఆ రెండింటికీ మధ్య ఉన్నది "బొమ్మా బొరుసా" అన్న ఒక్క మాట. ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని ఆ అమ్మాయిని అడిగితే, ఎక్కడా నేర్పలేదంది. తనకిచ్చిన శిక్షణ అంతా ఒక మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లిష్ ప్రశ్నలకు టిక్కులు పెట్టడం; చివర్లో సర్టిఫికెట్ అచ్చవుతుంది. ఆ సర్టిఫికెట్ మా కమిటీ ఫైలులో భద్రంగా ఉంది.

చెప్పింది ఆ మనిషికి నిజంగా అర్థమైందా అన్న ఇదే ప్రశ్న ఆఫ్రికా చరిత్రలో ఎంత ఖరీదు పడిందో మీకు తెలుసు. 1996లో నైజీరియాలోని కానో నగరంలో మెనింజైటిస్ విజృంభించినప్పుడు ఫైజర్ కంపెనీ ట్రోవాన్ అనే మందును పిల్లల మీద పరీక్షించింది. రెండు వందల మంది పిల్లల్లో సగం మందికి ఆ మందు, సగం మందికి అప్పటికే వాడుకలో ఉన్న మరో మందు ఇచ్చారు. పదకొండు మంది పిల్లలు చనిపోయారు, వారిలో ఐదుగురు కొత్త మందు తీసుకున్నవాళ్లు. చావులకు కారణం జబ్బే గాని మందు కాదని కంపెనీ వాదించింది. ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇచ్చినట్టు చూపిన లేఖ వెనక తేదీ వేసి తయారుచేసినదని, ఆ రోజుల్లో అక్కడ అసలు కమిటీయే లేదని తర్వాత బయటపడింది. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. చదువురాని తల్లిదండ్రులకు నర్సులు నోటిమాటగా అన్నీ వివరించి ఒప్పుకోలు తీసుకున్నారని కంపెనీ చెప్పింది. ఇది ప్రయోగమని తమకెవరూ చెప్పలేదని తల్లిదండ్రులు చెప్పారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, 2009లో కానో రాష్ట్రంతో ఏడున్నర కోట్ల డాలర్ల ఒప్పందం దాకా వెళ్లిన ఆ వ్యవహారం మూలంలో ఉన్నది, ఒక వార్డులో ఒక నర్సు ఒక తల్లితో ఏ మాటలు అన్నది అన్న ప్రశ్న. ఆ మాటలు ఏమిటో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. 2003లో అదే కానో రాష్ట్రం పోలియో చుక్కలు వద్దని నెలల తరబడి భీష్మించినప్పుడు, వద్దన్న కారణాల్లో ఈ గాయం కూడా ఉందని అక్కడి పరిస్థితులు తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఆ తర్వాత పోలియో నైజీరియా నుంచి చుట్టుపక్కల దేశాలకు పాకింది.

మాకూ మా గాయం ఉంది కనుక ఇది పరాయి సంగతిలా అనిపించదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వయసున్న పద్నాలుగు వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. దాన్ని ప్రయోగం అనలేదు, "ప్రదర్శన ప్రాజెక్టు" అన్నారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చావులకు టీకాతో సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. ఆ వార్డెన్లను దుర్మార్గులని నేను అనుకోను. పిల్లలకు ప్రభుత్వం మంచి టీకా వేయిస్తోందని నమ్మి సంతకం పెట్టి ఉంటారు. ఇది మామూలు టీకా కార్యక్రమం కాదు, ఇందులో పరిశోధన ఉంది, దీనికి తల్లిదండ్రులే ఒప్పుకోవాలి అని వాళ్లకు నేర్పినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆఫ్రికాకు వద్దాం. 2019లో మలావి, ఘనా, కెన్యా దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా టీకాను పైలట్ కార్యక్రమంగా మొదలుపెట్టింది. లక్షల మంది పిల్లలకు ఉపయోగపడిన పని అది. ఆ టీకాను విస్తృతంగా వాడవచ్చని 2021లో సిఫారసు చేయడానికి అదే ఆధారమైంది. అయినా, టీకా అందే ప్రాంతాలను, అందని ప్రాంతాలను చీటీ తీసినట్టు ఎంపిక చేసి ఫలితాలను పోల్చి చూస్తున్నప్పుడు అది పరిశోధన కాదా, తల్లిదండ్రులు బిడ్డను టీకాకు తీసుకురావడమే సమ్మతిగా భావించడం సరిపోతుందా అని 2020లో కొందరు నైతికతా నిపుణులు ప్రశ్నించారు. ఇది మామూలు టీకాల కార్యక్రమంలో భాగం కనుక సరిపోతుందని సంస్థ జవాబు. ఈ వాదంలో నేను ప్రశ్నించినవాళ్ల పక్షాన ఉన్నాను, అయినా రెండో పక్షం వాదన బలహీనమైనదని అనను. నా బాధ వేరు. ఈ చర్చ ఆ సంస్థ కేంద్రం ఉన్న జెనీవాలోనూ వైద్య పత్రికల్లోనూ జరిగింది. బ్లాంటైర్ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో టీకా వేస్తున్న నర్సు, ఆ జిల్లాలో పత్రాలు చూసే కమిటీ సభ్యుడు ఈ ప్రశ్నను ముందుగా, తమంతట తాము, తమ భాషలో లేవనెత్తగలిగినప్పుడే శిక్షణ బలపడిందని అనుకోవాలి. వైద్యం ఎక్కడ ఆగుతుందో, పరిశోధన ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడం కంటే ముఖ్యమైన పాఠం ఈ విద్యలో మరొకటి లేదని నా నమ్మకం.

జరిగిన మేలును నేను తక్కువ చేయడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా ప్రాంతీయ విభాగం ఈ శతాబ్ది మొదట్లో విచారిస్తే, జవాబిచ్చిన 28 దేశాల్లో 10 దేశాలకు ఎథిక్స్ కమిటీయే లేదు. ఈ రోజు ఆ స్థితి లేదు. అమెరికాలోని ఫోగార్టీ కేంద్రం 2000 నుంచి ఇచ్చిన నిధులతో ఎందరో ఆఫ్రికన్లు ఈ పరిశోధనా నైతికతను చదివారు. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్, ప్రిటోరియా విశ్వవిద్యాలయాలు కలిసి నడిపిన సారెటీ అనే నైతికతా శిక్షణ కార్యక్రమం నుంచి వచ్చినవాళ్లు ఇప్పుడు ఖండమంతా పాఠాలు చెబుతున్నారు. యూరప్ దేశాలు ఆఫ్రికా దేశాలతో కలిసి మందుల పరీక్షల కోసం 2003లో స్థాపించిన ఈడీసీటీపీ అనే భాగస్వామ్య సంస్థ అనేక కమిటీలకు ఊతమిచ్చింది. పరిశోధనా నైతికతను నేర్పే, ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే ట్రీ కోర్సు ఇంగ్లిష్, ఫ్రెంచ్, పోర్చుగీస్ వంటి భాషల్లో ఉంది. 2017లో దక్షిణాఫ్రికాలోని సాన్ ఆదివాసులు, తమను వెతుక్కుంటూ వచ్చే పరిశోధకులు పాటించాల్సిన నియమావళిని తామే రాసి ప్రకటించారు; గౌరవం, నిజాయితీ, న్యాయం, ఆదరణ వాళ్లు అడిగినవి. వాళ్లు ఈ విషయపు మూలాన్ని పట్టుకున్నారని నాకు అనిపిస్తుంది.

అయితే ఆ భాషల జాబితాను మరొక్కసారి చూడండి. ఇంగ్లిష్, ఫ్రెంచ్, పోర్చుగీస్. బ్లాంటైర్‌లో బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లితో మాట్లాడేది చిచేవాలో. కానోలో హౌసా. కెన్యా తీరంలోని కిలిఫీలో గిరియామా, స్వాహిలి. పరిశోధనను చిచేవాలో "కఫుకుఫుకు" అంటారు, స్వాహిలిలో "ఉతాఫితి" అంటారు. మాటలు ఉన్నాయి. తెలుగులో కూడా "యాదృచ్ఛికం" అనే మాట ఉంది. దానితో ఆ నల్గొండ అమ్మకు ఏమీ ఒరగలేదు. "బొమ్మా బొరుసా"కు సాటి వచ్చే మాట ప్రతి భాషలోనూ ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతికి, పదిమంది తల్లుల ముందు పలికి చూసి, తప్పయితే మార్చుకునే పని విదేశీ విశ్వవిద్యాలయంలో జరగదు. అది క్షేత్ర కార్యకర్తలు, నర్సులు, ఊరి పెద్దమ్మలు కలిసి కూర్చుని రోజుల తరబడి చేయాల్సిన పని. శిక్షణ అని నేను అంటున్నది దాన్నే.

కిలిఫీలో ఈ దారిలో కొంత దూరం నడిచారు. కెన్యా వైద్య పరిశోధనా సంస్థ, బ్రిటన్ వెల్‌కమ్ ట్రస్టు కలిసి 1989 నుంచి నడుపుతున్న ఆ కేంద్రంలో క్షేత్ర కార్యకర్తలను చుట్టుపక్కల ఊళ్ల నుంచే తీసుకుంటారు. వాళ్ల ఇబ్బందులను అక్కడి పరిశోధకులే ఏళ్ల తరబడి అధ్యయనం చేసి రాశారు. పైన ఇన్ని రోజుల్లో ఇంతమందిని చేర్చాలన్న ఒత్తిడి ఉంటుంది. కింద, సమ్మతి అడగాల్సిన మనిషి పొరుగింటివాడో, మేనత్తో అయి ఉంటుంది. కాదంటే మొహమాటం, ఔనంటే తర్వాత ఏం జరిగినా నింద కార్యకర్త మీదే. జబ్బుపడిన ఇంటికి వెళ్లి, ఆకలితో ఉన్న పిల్లల్ని చూసి, ప్రశ్నాపత్రం నింపుకుని వచ్చేయడం ఎలాగో వాళ్లకు ఎవరూ చెప్పరు. ఆ కేంద్రం ఊళ్లవారే ఎన్నుకునే ప్రతినిధుల సంఘాలను ఏర్పరచి, పరిశోధన గురించి ఊరి మాట వినే పద్ధతి పెట్టింది. ఒక పెద్ద కేంద్రానికి, పెద్ద ట్రస్టు అండ ఉన్నచోట, ఇది సాధ్యమైంది. ఒక్క పరీక్ష కోసం రెండేళ్లు తెరిచి మూసే క్లినిక్‌లో ఇది ఎవరు చేస్తారు?

అంత తీరిక ఎక్కడిది, మహమ్మారి ముంచుకొస్తుంటే పాఠాలు చెబుతూ కూర్చుంటామా అని మీలో కొందరు అనవచ్చు. పశ్చిమాఫ్రికాలో 11 వేల మందికి పైగా బలిగొన్న ఎబోలా కాలాన్ని గుర్తుచేస్తాను. 2014 సెప్టెంబరులో గినీ దేశంలోని వొమే గ్రామంలో, ఎబోలా గురించి చెప్పడానికి వెళ్లిన బృందంలో ఎనిమిది మందిని ఊరివాళ్లే చంపేశారు. అదే గినీలో మరుసటి ఏడాది, జబ్బుపడినవారి చుట్టూ ఉన్నవాళ్లకు వలయంలా టీకా వేసే పరీక్ష జరిగింది. ఇల్లిల్లూ తిరిగి వివరించి రాతపూర్వకంగా సమ్మతి తీసుకున్నది ఎక్కువగా గినీ, ఇతర ఆఫ్రికా దేశాల సిబ్బందే. అంత భయం, అంత తొందర మధ్యనే ఆ పని పూర్తయింది, టీకా పనిచేస్తుందని తేలింది. సిబ్బందిని తీర్చిదిద్దడానికి పట్టిన కాలం వృథా అని ఆ పరీక్ష చేసినవాళ్లెవరూ అన్నట్టు నేను వినలేదు.

ఇక డబ్బు సంగతి. చాలా దేశాల్లో కమిటీ సభ్యులు తమ ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో ఫైళ్లు చూస్తారు. ఫైళ్లు సర్దే ఉద్యోగి ఉంటే ఉంటారు, లేకపోతే లేదు. మీ నిధులతో చదువుకుని తిరిగి వచ్చిన యువతికి కమిటీలో జీతమిచ్చే పోస్టు లేకపోతే, ఆమె మీలాంటి సంస్థలోనే ఉద్యోగం వెతుక్కుంటుంది, ఆమెను తప్పుపట్టలేం. పరిశోధకుల నుంచి వసూలు చేసే రుసుము మీద బతికే కమిటీ, రుసుము కట్టినవాడికి కాదని చెప్పడానికి ఎంతో కొంత వెనకాడుతుంది. పైగా బయటి నిధి ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఒక్కసారిగా నిలిపేసినప్పుడు పలు దేశాల్లో పరీక్షలు నడిమధ్యలో ఆగిపోయాయి. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీని అడ్డుకునే రింగును శరీరంలో పెట్టించుకున్న మహిళలకు, దాన్ని తీసేయించుకోవడానికి రమ్మని కబురు వెళ్లింది. పరీక్షలో చేరమని చెప్పడం కంటే, పరీక్ష ఆగిపోయిందని చెప్పడం ఎన్ని రెట్లు కష్టమో ఊహించండి. ఆ భారం కూడా క్షేత్రంలో ఉన్న సిబ్బంది మీదే పడుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. మీరు నిధులిచ్చే ప్రతి పరీక్ష బడ్జెట్లో, సమ్మతి వివరించే సిబ్బందికి వాళ్ల భాషలో ఇచ్చే శిక్షణకు వేరుగా ఒక పద్దు ఉంచండి. ఆ శిక్షణ మొదటి మనిషిని చేర్చుకునే ముందే పూర్తి కావాలి. కమిటీ సమ్మతి పత్రాన్ని పరిశీలించినట్టే ఆ శిక్షణ ప్రణాళికనూ పరిశీలించి, చాలదనిపిస్తే పరీక్షను ఆపగలగాలి. కమిటీల కోసం మీరిచ్చే డబ్బు మాత్రం మీ పరీక్షను చూసే కమిటీ చేతికి నేరుగా ఇవ్వకండి. ప్రతి దేశంలోనూ జాతీయ స్థాయిలో ఉమ్మడి నిధి ఒకటి ఏర్పరచి అందులో వేయండి, ఎవరికెంత అన్నది ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. అక్కడి ప్రభుత్వాలను కూడా కోరుతున్నాను: 2001లో నైజీరియా రాజధాని అబుజాలో మీరు బడ్జెట్లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని మాటిచ్చారు, ఆ మాటలో ఒక కమిటీ కార్యదర్శి జీతం చాలా చిన్న భాగం, ముందుగా అదైనా నిలబెట్టుకోండి.

మా హైదరాబాద్ కంపెనీల పెద్దలతో ఇంకొక్క మాట. మీరు ఆఫ్రికాకు మందు పంపేటప్పుడు పెట్టె మీద ఆ దేశపు భాష అచ్చువేయడానికి ఎంత జాగ్రత్త పడతారో నాకు తెలుసు. అక్కడ మీరు మొదలుపెట్టబోయే తర్వాతి పరీక్ష పత్రాల్లో, ఆ దేశపు భాషలో ఉన్న సమ్మతి పత్రం వెనక ఇంకో కాగితం జతచేయండి. ఈ పత్రాన్ని తల్లులకు చదివి వినిపించేది ఎవరు, వాళ్లకు ఎన్ని రోజులు ఎవరు నేర్పారు, చీటీ తీసినట్టు మందు పంచడాన్ని వాళ్లు తమ భాషలో ఏ మాటతో చెబుతున్నారు అన్నది ఆ కాగితం మీద ఉండాలి. ఆ మాటకు అర్థం నాకు తెలుగులో రాసి పంపితే, మా కమిటీ తర్వాతి సమావేశంలో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ సామాన్య సభ్యుడు, విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
హైదరాబాద్